సీరం వాడబోతున్న బిడ్డకు పెద్దమ్మ రాసేది

బిడ్డా, ఆశీస్సులు.

మొదటి జీతంతో విటమిన్ సి సీరం కొనుక్కున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు, నీ కష్టార్జితంతో నీకు నచ్చింది కొనుక్కునే రోజు వచ్చిందని మనసు నిండిపోయింది. కానీ ఆ సీసా అయిపోతే నిమ్మరసం రాసుకుంటానని, అందులోనూ అదే విటమిన్ ఉంది కదా అని నువ్వు అన్నావని విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

రాసుకునే పద్ధతిలో కష్టమేమీ లేదు. పొద్దున ముఖం కడుక్కుని, తడి ఆరాక నాలుగైదు చుక్కలు రాసి, అది ఇంకాక మాయిశ్చరైజర్, ఆపైన సన్‌స్క్రీన్ రాసుకోవాలి. సీసా మీద ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి అసలు రూపం) అని ఉంటే శాతం చూడు. కొత్తగా మొదలుపెట్టేవారికి 10 చాలు. 20 దాటితే చర్మం అదనంగా పీల్చుకోదు, మంట మాత్రం పెరుగుతుంది. ఆ ఆమ్లం చర్మంలోకి దిగాలంటే పీహెచ్ (తగ్గేకొద్దీ పులుపు పెరిగే కొలత) 3.5 కంటే తక్కువ ఉండాలి కనుక కాస్త చురుక్కుమనడం సహజం, మంట తగ్గకుండా నిలిస్తే మాత్రం వెంటనే కడిగేయి.

ఇక నిమ్మకాయ సంగతి. మీ చిన్నమ్మకు పెళ్లి కుదిరిన ఎండాకాలంలో, ఎవరో చెప్పారని నిమ్మచెక్కతో ముఖం రుద్దుకుని, మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లిన మా నాయనకు సద్ది ఇవ్వడానికి నడిఎండలో బయలుదేరింది. మర్నాటికి చెంపలు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత బొబ్బలు లేచి, రసం జారిన దారి వెంటే చెంప నుంచి దవడ దాకా గోధుమరంగు చారలు పడ్డాయి. నిమ్మలో, ముఖ్యంగా దాని తొక్కలో ఉండే ఫ్యూరోకూమరిన్లనే పదార్థాలకు ఎండ తగిలితే చర్మం అలా కాలుతుంది, అందులో విటమిన్ సి ప్రమేయం లేదు. ఓపిక పడితే ఆ చారలు కొన్ని నెలల్లో వాటంతటవే తగ్గేవి. కానీ ముహూర్తం దగ్గర పడుతోందని ఇంట్లో అందరూ తొందరపెట్టడంతో, ఒక మందుల దుకాణంలో డాక్టరు చీటీ లేకుండానే ఒక ట్యూబు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ముఖం తేటపడింది, చూసినవారంతా మెచ్చుకున్నారు, అది పెళ్లి తర్వాత కూడా ఆపలేదు. ఆపాలని చూసిన ప్రతిసారీ ముఖం ఎర్రబడి మండేది, మళ్లీ రాస్తే చల్లబడేది. చివరికి చర్మం పలచబడి సన్నని నరాలు కనిపించసాగాయి, చెంపల మీద నూగు పెరిగింది. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందని చర్మవైద్యుడు చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి లేపనాలెన్నిటినో షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చి, చీటీ లేకుండా అమ్మరాదన్నది. అయినా అడిగితే ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. మీ చిన్నమ్మ ఈనాటికీ కొంగు కప్పుకోకుండా ఎండలో అడుగు పెట్టదు.

నీకు సంబంధాలు చూస్తున్నారని తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నాను. విటమిన్ సి తెల్లబరిచే మందు కాదు. అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని కొంత నెమ్మదింపజేసి మచ్చలను తేలిక చేస్తుంది, ఎండ వల్ల కలిగే నష్టాన్ని కొంత అడ్డుకుంటుంది, అదీ నెలల తరబడి వాడితేనే. నీది మా అమ్మ చామనఛాయ. దాన్ని మార్చుకోమని ఎవరైనా అంటే, వారిని ముందు నాతో మాట్లాడమను.

మన ఓరుగల్లు ఎండలకు ఈ సీరం తొందరగా పాడవుతుంది. స్కూటీ డిక్కీలో ఎన్నడూ పెట్టకు, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచు. లేత రంగు ముదిరి గోధుమరంగుకు తిరిగితే ఎంత ఖరీదైనదైనా పారేయి. ఎండను ఆపే కొలత అయిన ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా తీసుకుని ముఖానికీ మెడకూ రాసుకో. బయట ఎక్కువసేపు తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అది రాసుకునే తీరిక లేని రోజున సీరం ఒక్కటే రాసుకుని దాన్నే నమ్ముకుని ఎండలోకి వెళ్లకు.

ముఖానికి రాసే ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి రెండు మూడు రోజులు చూడు. అక్కడ దద్దురు వస్తే వాడకు, ఏ దుకాణంలోనూ మందు అడగకు. ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి నేనే వెంట వస్తాను. సీసా మీద రాసి ఉన్నదంతా కనిపించేలా ఫోటో తీసి ఈ రాత్రికే నాకు పంపు.

నీ పెద్దమ్మ
హన్మకొండ