ఆ పలుపులు కోసిందెవరు?

ప్రశ్న: మాది కోనసీమలో వైనతేయ పాయ పక్కన ఒక లంక. నాన్నకి అక్కడ నాలుగెకరాల కొబ్బరి, కాస్త అరటి, పశువుల మకాం ఉండేవి. 1986 ఆగస్టులో గోదారొచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు, అన్నయ్యకి పదహారు. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం, పంద్రాగస్టు ఒకే శుక్రవారం పడ్డాయి. పొద్దున బళ్లో చాక్లెట్లు, సాయంత్రం పేరంటం శనగలు, రాత్రయ్యేసరికి పశువుల సావిట్లోకి నీళ్లు! నాన్న పలుపులు కోసి ఏడు గేదెల్నీ వదిలేశారు. మేం నావెక్కి ఏటిగట్టుకి చేరాం. బడి వరండాలో ఊరంతా కలిసి పడుకున్నాం. మూడోనాడు నాలుగు గేదెలు వెతుక్కుంటూ వచ్చేశాయి, అందులో నా ముద్దుల పడ్డదూడ ఒకటి. దాని పేరు ఇప్పుడు గుర్తు లేదు. అంత సరదా నా చిన్నతనంలో మళ్లీ లేదు. ఈ కథ మా పిల్లలకి కంఠతా వచ్చు. మొన్న నాన్న సంవత్సరీకానికి అందరం కలిశాం. భోజనాల దగ్గర నవ్వుతూ మళ్లీ చెప్పాను. అన్నయ్య విస్తట్లో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. "కోసింది నాన్న కాదు. నీకదంతా ఆట" అన్నాడు, అంతే. నాలుగు నెలలైంది, ఫోనెత్తడు. గోదారి పెరుగుతోందని టీవీలో చెప్తే ఆ రాత్రి ఆయన నిద్రపోరని వదిన అంటుంది. మిగిలిన భూమి ఏటికోతకి పోకముందే అమ్మేద్దామని అన్నయ్య అంటే నేను వద్దన్నాను. కోపం దానికేనా? చిన్నప్పటి సంతోషం చెప్పుకోవడం కూడా తప్పేనా?
– ఒక చెల్లెలు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి నేనూ నవ్వుకుంటూనే చదివాను. పేరంటం శనగలు గౌను జేబులో పోసుకుని నావెక్కిన పిల్ల కళ్లకి కట్టింది. రెండోసారి మీ అన్నయ్య మాట దగ్గర ఆగిపోయాను. "కోసింది నాన్న కాదు." మీ కథకి ఆయన వంక పెట్టాడని మీరనుకున్నారు. దాదాపు నలభై ఏళ్లుగా గొంతులో ఉండిపోయిన మాట ఆ పూట బయటపడిందని నాకనిపించింది.

ఏడింటిని వదిలారు, నాలుగు వచ్చాయి అని రాశారు. మిగతా మూడూ ఏమయ్యాయో మీరు రాయలేదు. బహుశా మీకెవరూ చెప్పలేదు, ఎనిమిదేళ్ల పిల్లకి చెప్పరు కూడా. కానీ సావిట్లో ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో లంకల్లో పశువుల్ని మేపినవాళ్లు ఎవరైనా ఊహించగలరు. గేదె బాగా ఈదుతుంది, మెడ వదిలితే చాలు, ఎటో ఒకటు గట్టు చూసుకుంటుంది. కట్టుగొయ్యకి ఉండిపోయిందా, ఇక అంతే. కొబ్బరిపీచు పలుపు తడిసిందంటే ముడి బిగుసుకుపోతుంది, చేత్తో విప్పడం కాని పని. కొడవలి పట్టుకుని, చీకట్లో, మోకాళ్లు దాటిన నీళ్లలో, బెదిరిన గేదెల మధ్య ఒక్కో మెడా తడుముకుంటూ కొయ్యాలి. నాన్న మిమ్మల్నీ అమ్మనీ నావ దగ్గరికి చేర్చే పనిలో ఉంటే, సావిట్లోకి వెళ్లింది ఎవరు? పదహారేళ్ల కుర్రాడు. అతను చివరి గుంజ దాకా వెళ్లగలిగాడో లేదో నాకు తెలీదు. ఇదంతా నా ఊహే, తప్పు కావచ్చు. మీరు మాత్రం ఆయన్ని అడగగలరు.

ఆ గోదారి సంగతి కొంచెం గుర్తు చేస్తాను. పెద్దవాళ్లు అప్పటిదాకా 1953 వరద గురించి కథలు కథలుగా చెప్పుకునేవారు. అప్పుడు ధవళేశ్వరం దగ్గర 30 లక్షల క్యూసెక్కులంటారు. 1986 ఆగస్టు 16న దాదాపు 35 లక్షలు వెళ్లింది. ఇప్పుడు అక్కడ నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. హైదరాబాదులో సోఫాలో కూర్చుని వింటే అదొక అంకె. మీ అన్నయ్యకి ఆ అంకె వినగానే కొడవలి పిడి చేతికి తగులుతుందేమో.

మరి మీ సరదా అబద్ధమా? కానే కాదు. నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి చెప్తాను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసింది. మా అత్తవారిదీ కొబ్బరి తోటే. తెల్లారి చూస్తే తోటలో ఆకాశం కనిపిస్తోంది. అంతకుముందు ఆ తోటలో మిట్టమధ్యాహ్నం కూడా ఎండ నేలకి తగిలేది కాదు. మా అబ్బాయికి ఏడేళ్లు. పక్కింటి పిల్లల్ని పోగేసుకొచ్చి పడిపోయిన మాను మీద గుర్రం ఎక్కినట్టు ఎక్కి "పదండి, పదండి" అంటున్నాడు. చేతికందే ఎత్తులో కొబ్బరి గెలలు, వాడి ఆనందానికి హద్దు లేదు. మామగారు అరుగు మీద కూర్చుని వేళ్లు మడుస్తున్నారు, ఎన్ని పోయాయో లెక్క. మా ప్రాంతంలో కొబ్బరిచెట్టుని ఇంటికి పెద్దకొడుకంటారు. ఒక్క రాత్రిలో ఎంతమంది కొడుకులు! నాకు ఒళ్లు మండి పిల్లాడిని కొట్టబోయాను. ఆయన తల తిప్పకుండానే, "ఆడుకోనీ అమ్మా, వాడికింకా లెక్కలు రావు కదా" అన్నారు.

ఆ అబ్బాయి ఇప్పటికీ ఆ పొద్దు గురించి పండగలా చెప్తాడు. నేను వింటాను. వాళ్ల తాతగారు బతికుండగా ఆయన ముందు మాత్రం చెప్పనివ్వలేదు.

తేడా అక్కడే ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల సంతోషపడటంలో తప్పు లేదు. ఆ రాత్రి మీరు అంత నిశ్చింతగా ఉండగలిగారంటే మీ భయాన్ని కూడా ఇంట్లో ఎవరో మోశారన్నమాట. పైగా, అనుకోకుండా గుండె దడదడలాడిన రోజులు మనసులో గట్టిగా నాటుకుంటాయి, కానీ చెప్పినప్పుడల్లా అందులో మనుషులు అటూ ఇటూ మారిపోతుంటారు. మీ కథలో కొడవలి నాన్న చేతికి ఎప్పుడు వెళ్లిందో మీకే తెలియదు. మీరు మోసం చెయ్యలేదు. కానీ నాన్న లేని మొదటి ఏడాది, ఆయన సంవత్సరీకం విస్తరి ముందు, తన జీవితంలో అతి కష్టమైన పని ఇంకొకరి పేరు మీద, అదీ నవ్వులాటగా, వింటే ఎలా ఉంటుంది? తప్పు కథది కాదు, చెప్పిన చోటుది.

ఇప్పుడేం చెయ్యాలంటారా. ఫోన్లు మానెయ్యండి. వాట్సాప్‌లో పెద్ద పెద్ద క్షమాపణలు అసలే వద్దు, మగవాళ్లు వాటిని చూసి ఇంకా బిగుసుకుపోతారు. (మా ఇంట్లో అనుభవమే.) రెండు రోజులు సెలవు పెట్టుకుని ఒక్కరే వెళ్లండి. పిల్లలు ఉంటే మళ్లీ కథ అడుగుతారు. వదినతో ముందే ఒక మాట చెప్పి వెళ్లండి, ఆవిడ మీ పక్షాన ఉంది, లేకపోతే ఆ నిద్ర సంగతి మీకు చెప్పేదే కాదు. వెళ్లగానే మొదలుపెట్టకండి. సాయంత్రం ఆయన గట్టు మీదికి వెళ్తే వెనకే వెళ్లండి. "అన్నయ్యా, ఆ రాత్రి నాకు తెలిసింది నావలో ఉన్నంతవరకే. సావిట్లో ఏం జరిగింది?" అని అడిగి ఊరుకోండి. ఆయన చెప్పేది మీ జ్ఞాపకానికి సరిపోకపోయినా దిద్దకండి. ఏమీ చెప్పకపోతే లాగకండి. అడిగారన్నది ఆయనకి గుర్తుంటుంది.

భూమి విషయం ఆ పర్యటనలో ఎత్తకండి. కోపం దానికే అని నేననుకోను, కానీ రెండూ కలిపితే "చెల్లెలు వాటా కోసం వచ్చింది" అనిపించడానికి క్షణం పట్టదు. ఏరు ఏటేటా ఎంత కోస్తోందో రోజూ చూస్తున్నవాడాయన, మీరు ఏడాదికోసారి చూస్తున్నారు. ఆయన లెక్క ఆయనకుంటుంది. ఆ మాట ఇంకో నెల, కాగితాలు ముందేసుకుని.

ఇంకొకటి. శ్రావణం వస్తే నిద్ర లేకపోవడాన్ని "ఆయన తీరే అంత" అని వదిలెయ్యకండి. పాత భయం ఒంట్లో అలా దాక్కుని ఉండగలదు, వైద్యం కూడా ఉంది. వదినకి 14416 నంబరు రాసిచ్చి రండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మొదట వదినే చేసి కనుక్కోవచ్చు. మీరు మాత్రం ఆయన్ని "డాక్టరుకి చూపించుకో" అని మొదటి రోజే అనకండి.

ఎలా మాట కలపాలో తెలీక గట్టు మీద నోరు పెగలకపోతే ఒకటి ఉందిగా. మీ పడ్డ పేరు మర్చిపోయానని రాశారు. చీకట్లో దాని మెడ వెతికినవాడికి గుర్తుండే ఉంటుంది. అదేమిటో అడగండి.