పాతవాళ్లు కదలట్లేదంటే ముందు వాళ్ల భయం ఏమిటో కనుక్కోండి

12 మంది పనిచేసే హోల్‌సేల్ షాపులో కంప్యూటర్ బిల్లింగ్ పెడదామంటే పాతవాళ్లు ఒప్పుకోవట్లేదు, ఒక్కసారే మార్చేయాలా, దశలవారీగా వెళ్లాలా అని అడిగారు. నేను రెండూ చేశానండీ. మొదటిది చేసి చేతులు కాల్చుకున్నాకే రెండోదానికి వచ్చాను.

మాది రాజమండ్రిలో బట్టల హోల్‌సేల్. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, బట్ట మీద 5 శాతం. ఎలాగూ తప్పదు కదా అని ఆ రోజే చిట్టాలు, ఖాతా పుస్తకాలు అన్నీ బీరువాలో పడేసి తాళం వేశాను. ఇక చూడండి, ఒకడు తానుల లెక్కలో మీటర్లు కొట్టాడు, ఒకడు పాత రేటు కొట్టాడు, బిల్లు కోసం నిలబడ్డ పార్టీ విసుక్కుని పక్క షాపుకి పోయింది. శ్రావణం కొనుగోళ్లు ఇంకా ఊపందుకోలేదు కాబట్టి బతికిపోయాం.

ఇంతలో మా గుమాస్తాగారు రోజూ ఇంటికెళ్లి వేరే నోట్సులో పద్దులు రాసుకుంటున్నారని తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్నగారు మాత్రం "ఎందుకు రాస్తున్నాడో అడిగావా?" అన్నారు. అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే: "ఎవరు ఎంత బాకీయో ఆ పెట్టే చెప్పేస్తే, ఇక నన్నెవరు అడుగుతారు బాబూ?" 27 ఏళ్లుగా ఏ ఊరి షాపు ఎంత అరువు తట్టుకుంటుందో ఆయన నోటి లెక్కే. నేను సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నాననుకున్నాను, ఆయనకి అది కుర్చీ లాగేసినట్టు ఉంది.

మార్పుకి మూడు దశలని మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1947లోనే చెప్పారు: గడ్డకట్టినదాన్ని కరిగించడం, మార్చడం, మళ్లీ గట్టిపడనివ్వడం. ఆ మూడూ ఎంబీఏ చదివిన ఎవరైనా అప్పజెబుతారు. నాకు పనికొచ్చింది ఆయనదే ఇంకో మాట. ముందుకు నెట్టేకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది, అడ్డుపడేదాన్ని తీస్తే పెద్దగా నెట్టక్కర్లేకుండానే కదులుతుంది.

సరే, మళ్లీ మొదలుపెట్టాం. బిల్లు ఒక్క కౌంటర్లోనే, ఒక్క కుర్రాడి చేతిలోనే, మిగతావాళ్లు మామూలుగా చీటీ రాసి పంపితే చాలు. దసరా అయ్యాక స్టాకు. ఒక ఆదివారం షట్టర్ దించి అందరం కలిసి తానులు లెక్కపెట్టాం, బిర్యానీ తెప్పించాం, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అరువు ఖాతాలు మాత్రం కావాలనే చివరికి ఉంచాను, వాటికి గుమాస్తాగారినే పెద్దని చేశాను. పొద్దున్నే బాకీల లిస్టు ప్రింటు తీసి ఆయన చేతికిస్తాం, ఆయన సరే అననిదే కంప్యూటర్ ఏం చెప్పినా అరువు బిల్లు కొట్టం. నెల తిరక్కుండానే లిస్టు పది నిమిషాలు ఆలస్యమైతే ఆయనే కేకలేయడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. పుస్తకం, కంప్యూటర్ రెండూ నెలల తరబడి పక్కపక్కనే నడిపాం. నెల రోజులు నడిపితే ధైర్యం, అంతకు మించితే రోజూ గొడవే. రెండు లెక్కలు కలవవు, ఎవరికి నచ్చింది వాళ్లు నమ్ముతారు, వసూలుకి వెళ్లిన కుర్రాడికి టెన్షన్. పాతది ఫలానా రోజున ఆగిపోతుందని ముందే చెప్పేయండి. మేం 2018 మార్చి 18 ఉగాదికి ఆపాం. వచ్చింది విళంబి నామ సంవత్సరం, పేరుకి తగ్గట్టే మా పనీ ఆలస్యమే! ఎటూ కొత్త పుస్తకాలకి పసుపు కుంకుమ పెట్టే రోజు కాబట్టి ఆ ఏడు కంప్యూటర్‌కి పెట్టాం, అదీ గుమాస్తాగారి చేతే. కుంకుమ కీబోర్డులో పడి రెండు బటన్లు పనిచేయలేదు, అది వేరే సంగతి. ఆ తర్వాత ఏప్రిల్ 1న ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీయాల్సిన బిల్లులు) వచ్చినప్పుడు మా షాపులో ఎవరూ కంగారుపడలేదు.

మీ షాపులో అరువు లెక్క ఎవరి చేతిలో ఉందో మీరు రాయలేదు. ఒకరి దగ్గరే ఉందా, మీ ఇంట్లోవాళ్లే చూస్తారా? అది చెబితే ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకాస్త వివరంగా రాస్తాను.