చిన్నీ, సబ్సిడీని నమ్ముకుని బయట అప్పు చెయ్యకు

చిన్నీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వైజాగ్‌లో ఉద్యోగం మానేశావట, ఊరొచ్చి జీడిపప్పు యూనిట్ పెడతావట, గవర్నమెంటు 35 శాతం ఊరికే ఇస్తుందట. మానేశాక చెప్పడమేంటే, ముందు ఒక్క మాట అడగలేకపోయావా? నాకు కోపం వచ్చింది. కోపంగా ఉన్నా సరే, ఆ సాయంత్రం మహిళా సంఘం మీటింగులో అందరికీ నేనే చెప్పుకున్నాను, మా మేనకోడలు మన ఊళ్ళోనే యూనిట్ పెడుతోంది, పని మనవాళ్ళకే ఇస్తుంది అని. నాకు ఏవి భయమో అవే ఇందులో ఎక్కువ రాస్తాను, విసుక్కోకుండా చదువు.

కాగితాల గురించి నీకు చెప్పక్కర్లేదు. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి డబ్బులడిగే వెబ్‌సైట్ జోలికి పోకు. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం మూడింట్లోనూ పేరు ఒకేలా ఉండాలి. క్రెడిట్ కార్డు బాకీ ఏదైనా మిగిలి ఉంటే ముందు అది కట్టెయ్, లేకపోతే పాత అప్పులు ఎలా కట్టావో చూపించే సిబిల్ స్కోరు దగ్గరే ఫైలు ఆగిపోతుంది.

పథకాలు రెండున్నాయి నీకు పనికొచ్చేవి. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్ళకి 2008 నుంచి ఉన్న పీఎంఈజీపీ ఒకటి, 2020లో ఆహార పరిశ్రమల కోసమే పెట్టిన పీఎంఎఫ్ఎంఈ ఒకటి. రెండోదాంట్లోనూ సబ్సిడీ 35 శాతమే గానీ 10 లక్షలు మించదు, నీ చేతి నుంచి కనీసం 10 శాతం పెట్టాలి. వేరే పథకంలో అప్పటికే సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కి పీఎంఈజీపీ ఇవ్వరు, కాబట్టి ఏది అడగాలో ముందే తేల్చుకో. శ్రీకాకుళంలో జిల్లా పరిశ్రమల కేంద్రానికి నువ్వే వెళ్ళి, ఈ ఏడాది ఆ పథకాలు నడుస్తున్నాయో లేదో, నిధులు ఎంతవరకు ఉన్నాయో అడిగి, అప్పుడు అప్లై చెయ్యి. ఇచ్చేది లేనిది చివరికి తేల్చేది బ్యాంకు మేనేజరే.

ఇప్పుడు అసలు సంగతి. పీఎంఈజీపీలో 20 లక్షల ప్రాజెక్టు అనుకుందాం. పల్లెటూళ్ళో పెట్టే ఆడపిల్లవి కాబట్టి నీ వాటా 5 శాతం, అంటే లక్ష. మిగతా 19 లక్షలూ బ్యాంకు అప్పే. సబ్సిడీ 7 లక్షలు వస్తుంది, కానీ నీ చేతికి రాదు. నీ పేరు మీద బ్యాంకులోనే మూడేళ్ళు డిపాజిట్‌గా ఉంటుంది. దాని మీద నీకు వడ్డీ ఇవ్వరు, అంత మేర అప్పు మీద నీ దగ్గరా వడ్డీ తీసుకోరు. తనిఖీకి వచ్చి, యూనిట్ నడుస్తోందని చూసుకున్నాక, మూడేళ్ళ తర్వాత అప్పులో సర్దుతారు. యూనిట్ మూతపడితే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఫోన్లో వీడియోలు చేసేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

మీ నాన్న కూడా నీకు చెప్పి ఉండడు. పెరట్లో తుప్పు పట్టిన బాయిలర్ గురించి నువ్వెప్పుడు అడిగినా మాట మార్చేసేవాడు. 2017లో వాడు ఇదే పథకంలో లోన్ తీసుకున్నాడు. లోన్ శాంక్షన్ అవుతుందని తెలిసిన రోజు మా ఇంటికి స్వీట్లు పట్టుకొచ్చాడు. షెడ్డుకీ మెషీన్లకీ అయితే బ్యాంకు డబ్బు సరిపోయింది, జీడిపిక్కలు కొనడానికే మిగల్లేదు. సబ్సిడీ రెండు నెలల్లో చేతికొస్తుందని టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పారట. అది నమ్మి, నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చి పిక్కలు కొన్నాడు. సబ్సిడీ వచ్చింది, డిపాజిట్‌లో పడింది. వాడు బ్యాంకుకి వెళ్ళి, సార్, అది నా డబ్బే కదా అని అడిగితే, మూడేళ్ళు ఆగాలన్నారు. వాళ్ళ తప్పేం లేదు, కాగితంలో అదే రాసుంది, మీ నాన్న సంతకం కూడా ఉంది. అక్కడి నుంచి పప్పు అమ్మిన డబ్బు అమ్మినట్టే వడ్డీకి పోయేది. బ్యాంకు కిస్తీ వెనకబడింది. షెడ్డు ఇన్సూరెన్సు రెన్యువల్ చేయించమంటే వచ్చే నెల చేయిస్తానన్నాడు. ఆ వచ్చే నెలే తిత్లీ తుఫాను.

2018 అక్టోబరు 11, తెల్లవారుజామున. రేకులు ఎగిరి ఎక్కడో పక్కవాళ్ళ తోటలో పడ్డాయి. బస్తాలు నిండా తడిశాయి. నాలుగు రోజుల తర్వాత ఎండ కాస్తే మీ నాన్న పిక్కలన్నీ రోడ్డు మీద ఆరబోసి, బూజు పట్టి నల్లబడినవి ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు. ఎవరు పలకరించినా తలెత్తలేదు. నేనూ పక్కన కూర్చుని ఏరాను, ఏం మాట్లాడాలో తెలియక. ఆ తర్వాత యూనిట్ మళ్ళీ లేవలేదు, సబ్సిడీ వెనక్కి పోయింది. తోట తిత్లీలో పోయిందని నీకు చెప్పాం. తిత్లీకి పోయింది చెట్లు, భూమి అమ్మించింది మాత్రం ఆ మూడు రూపాయల వడ్డీ.

అందుకే చెబుతున్నా, సబ్సిడీ అనే మాట లేకుండా లెక్క వేసుకో. మన ఉద్దానంలో పిక్కలు వచ్చేది మార్చి నుంచి మే దాకానే. ఏడాదంతా కొట్టాల్సిన సరుకు ఆ మూడు నెలల్లోనే కొని పెట్టుకోవాలి. 80 కిలోల బస్తా ఎన్ని కావాలో, ఒక్కో బస్తాకి ఎంత పెట్టాలో రాసుకుని, ఆ మొత్తాన్ని వర్కింగ్ క్యాపిటల్‌గా ప్రాజెక్టు రిపోర్టులో చూపించి బ్యాంకునే అడుగు. ఆ డబ్బు ఫిబ్రవరికల్లా చేతిలో లేకపోతే ఆ ఏడు మొదలుపెట్టకు. ఊరికే కూర్చున్నా పర్వాలేదు, మీ ఇంట్లో తిండికి లోటు లేదు. బయట వడ్డీకి మాత్రం వెళ్ళకు, నా మీద ఒట్టు.

ఇల్లు తాకట్టు పెట్టమని ఎవరన్నా ఒప్పుకోకు. చిన్న పరిశ్రమలకి ఒక పరిమితి లోపు అప్పుకి ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అంతకు పైన అయితే తాకట్టు లేని చిన్న పరిశ్రమల అప్పులకి బ్యాంకుకి హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ ఉందని నువ్వే మేనేజర్‌కి గుర్తు చెయ్యి. ఇన్సూరెన్సు షెడ్డుకే కాదు, సరుకుకి కూడా, తుఫాను వరద రెండూ రాసి ఉండేలా. ప్రతి ఏడూ సెప్టెంబరులోనే కట్టెయ్. నవ్వొస్తే నవ్వుకో, నేను మాత్రం ప్రతి సెప్టెంబరూ ఫోన్ చేస్తాను.

సబ్సిడీలో పది శాతం ఇస్తే పని చేయిస్తానంటూ ఒకాయన తప్పకుండా వస్తాడు. పీఎంఎఫ్ఎంఈలో అప్లికేషన్ పెట్టించడానికీ, రిపోర్టు రాయించడానికీ జిల్లా రిసోర్స్ పర్సన్ అని మనిషిని పెట్టారు. ఆయన ఫీజు గవర్నమెంటే ఇస్తుంది. ఆయన్నే పట్టుకో.

నీ ఫ్రెండ్ ఎవరో సొసైటీ పెట్టేస్తే కంపెనీలు సమాజ సేవకి పెట్టే సీఎస్ఆర్ డబ్బు కుమ్మరిస్తాయందట కదా. వద్దమ్మా. ఆదాయపు పన్ను శాఖలోనూ కంపెనీల శాఖలోనూ రిజిస్ట్రేషన్లు, వాటితో పాటు మూడేళ్ళు పని చేసిన చరిత్ర అడుగుతారు. అన్నీ ఉన్నా ఆ డబ్బు జనం కోసం, నీ వ్యాపారంలో ఒక్క రూపాయి కలిసినా తప్పే. ఊళ్ళో ఆడవాళ్ళకి మేలు చెయ్యాలనుంటే సంఘం ద్వారా చెయ్యి. పీఎంఎఫ్ఎంఈలోనే, ఆహార పని చేసే సంఘం సభ్యురాలికి 40 వేల దాకా మొదటి పెట్టుబడి (సీడ్ క్యాపిటల్) ఉంది, సంఘానికి తిరిగి కట్టే అప్పుగా ఇస్తారు. మనవాళ్ళలో ఎవరికి పనికొస్తుందో నేను చూస్తాను, ఆ లెక్కలు నాకొదిలెయ్. నువ్వు మాత్రం పిక్కలు కొట్టేవాళ్ళకి గ్లవ్స్ ఖర్చు మొదటి రోజు నుంచే రిపోర్టులో రాయి. పిక్క తొక్కలోని జీడి నూనె తగిలి చేతులు ఎలా అయిపోతాయో నీకు తెలియదు, మా అమ్మ చేతులు నాకు తెలుసు.

ఇంకొకటి. ఏ ఊరి పిక్కలో పప్పు ఎంత దిగుతుందో నాలుగు కోసి చూసి చెప్పేస్తాడు మీ నాన్న. కొనుగోలుకి ఆయన్నే తీసుకెళ్ళు. నేను చెప్పానని చెప్పకు, నీకు తోడు కావాలని అడుగు. రిపోర్టు రాయడం అయ్యాక బ్యాంకుకి ఇచ్చేముందు నాకు వాట్సాప్‌లో పెట్టు, రెండు రోజుల్లో చూసి ఫోన్ చేస్తాను.

మీ అత్త