బిగించింది నేనే; కోటింగ్ చేసినవారికి బాధ్యత ఉండదా?

ప్రశ్న: నా మోటార్‌సైకిల్ ముందు భాగం విప్పి, ఫోర్కులను (ముందు చక్రాన్ని మోసే రెండు గొట్టాలను) పట్టి ఉంచే పై క్లాంపును, కింది క్లాంపైన టీ-స్టెమ్మును, ముందు చక్రాన్ని పొడి రంగు చల్లి వేడితో గట్టిపరిచే పౌడర్ కోటింగ్‌కు ఇచ్చాను. తిరిగి వచ్చాక అన్నీ నేనే బిగించుకున్నాను. మూడు వారాలకు ఒక ఫోర్కు గొట్టం క్లాంపులో పైకి జారింది. బ్రేకు పట్టినప్పుడల్లా లివరు వేళ్లకింద కొట్టుకుంటోంది. కోటింగ్ చేసినవారు "బిగించింది మీరే, మాకు సంబంధం లేదు" అంటున్నారు. బిల్లు అడుగున "డెలివరీ తరువాత బాధ్యత లేదు" అని అచ్చయి ఉంది. నేను వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? ఈలోగా బండి బాగుచేయించుకోవచ్చా? అసలు ఇలా కోటింగ్ చేయించడం చట్టవిరుద్ధమా?

సలహా: వెళ్లవచ్చు. కానీ అంతకన్నా ముందు రెండు మాటలు. ఆ బండిని ఇక నడపవద్దు. దాన్ని ఇప్పుడే విప్పవద్దు కూడా.

నడపవద్దనడానికి మొదటి కారణం మీ ప్రాణం. ఫోర్కు జారిన బండి ఏ మలుపులో ఎటు లాగుతుందో చెప్పలేము. చట్టం కూడా దీన్ని తేలికగా తీసుకోదు. ప్రమాదానికి దారితీసే లోపం ఉందని తెలిసీ వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపడం మోటారు వాహనాల చట్టం, 1988లోని 190వ సెక్షన్ కింద నేరం. పైగా భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 73వ సెక్షన్ వివరణ ప్రకారం, నష్టాన్ని తగ్గించుకునేందుకు మీ చేతిలో ఉన్న మార్గాలను కూడా పరిహారం లెక్కగట్టేటప్పుడు పరిగణిస్తారు. లోపం తెలిశాక కూడా నడిపి మరింత పాడుచేసుకుంటే, ఆ అదనపు నష్టాన్ని ఎదుటివారిపై మోపడం కష్టం.

విప్పవద్దనడానికి కారణం వేరు. మీ కేసు మొత్తం ఆ క్లాంపు లోపలి బోరులో, అంటే గొట్టం దూరే రంధ్రంలో ఉంది. ఫోర్కు గొట్టానికి సరిపోయేలా మెషీనింగ్ చేసిన ఆ బోరులో పౌడర్ పొర పడకుండా, కోటింగుకు ముందే మాస్కింగ్ చేయాలి, అంటే దాన్ని మూసి ఉంచాలి. సాధారణంగా ఈ పొర 60 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటుంది, అది బోరు చుట్టూ పడుతుంది కాబట్టి వ్యాసంలో దానికి రెట్టింపు తగ్గుతుంది. గొట్టం బిగుతుగా దూరుతుంది, బోల్టు బిగింపును కొలిచే టార్క్ రెంచ్ సరైన అంకె చూపిస్తుంది, బిగించినవారికి అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఆ తరువాత బోల్టు ఒత్తిడికి, రోడ్డు కుదుపులకు పొర నలిగి పలచబడుతుంది, బోల్టు పట్టు సడలుతుంది. చక్రం హబ్బుపై బ్రేకు డిస్కు కూర్చునే ముఖం మీద పొర హెచ్చుతగ్గులుగా పడితే డిస్కు నిటారుగా తిరగదు. మీ వేళ్లకింద లివరు కొట్టుకోవడానికి అది కారణం కావచ్చు. మీరు తొందరపడి ఆ చోట్లను ఎమరీ కాగితంతో గీకేస్తే బండి బాగుపడుతుందేమో కానీ, పొర అక్కడ ఉండేదని చూపించడానికి ఏమీ మిగలదు.

ఇక చట్టం. డబ్బు తీసుకుని కోటింగ్ చేయడం సేవ. మీరు సొంత వాడకానికి చేయించుకున్నారు కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు వినియోగదారులే. ఒప్పుకున్న పని నాణ్యతలోను, చేసిన తీరులోను ఉన్న లోటును ఆ చట్టంలోని 2(11) సెక్షన్ సేవాలోపంగా నిర్వచించింది. అంతేకాక, మీ వస్తువులు వారి అధీనంలో ఉన్నంతకాలం సాధారణ వివేకవంతుడు తన సొంత వస్తువుల పట్ల చూపేంత జాగ్రత్త చూపాలని కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. అయితే సేవాలోపాన్ని రుజువు చేసే భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. అందుకే నేను చట్టం కన్నా సాక్ష్యం గురించి ఎక్కువ చెబుతున్నాను.

మీ వైపు బలహీనత కూడా దాచకుండా చెప్పాలి. బోరులో పొర కనిపిస్తూనే ఉండగా మీరు ఫోర్కును బలవంతంగా దూర్చి ఉంటే, ఆ మాట విచారణలో తప్పక బయటికి వస్తుంది, పరిహారం తగ్గే అవకాశం ఉంటుంది. దాన్ని ఫిర్యాదులో మీరే ముందుగా చెప్పి, ఈ బోరులను మాస్క్ చేయమని మీరు ఎప్పుడు, ఎలా చెప్పారో జతచేయండి. అది వాట్సాప్ సందేశమైనా సరే. ఏమీ చెప్పకపోయినా కేసు పోదు. క్లాంపులకు కోటింగ్ చేయడం వృత్తిగా పెట్టుకున్నవారికి ఎక్కడ పొర పడకూడదో తెలిసి ఉండాలని వాదించవచ్చు.

సాక్ష్యం సేకరించే పద్ధతి ఇది. ఫలానా తేదీన, ఫలానా సర్వీస్ సెంటరులో బండి విప్పుతున్నామని, వచ్చి చూడవచ్చని కోటింగ్ వారికి రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేయండి. వారు రాకపోయినా మీ నిష్పాక్షికత రికార్డులో ఉంటుంది. విప్పకముందు ఫోర్కు ఎంత జారిందో స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. సన్నని కదలికను కొలిచే డయల్ గేజ్‌తో డిస్కు ఊగిసలాటను కొలిపించండి. మెకానిక్ చేత "కోటింగ్ బాగా లేదు" అని అభిప్రాయం రాయించుకోవద్దు. బోరులో ఎక్కడ పొర ఉంది, ఏ బోల్టు ఎంత వదులైంది అని కళ్లతో చూసినది మాత్రమే రాయించి సంతకం తీసుకోండి. టీ-స్టెమ్మును గీకించకుండా కొత్తది వేయించుకుని, పాతదాన్ని కవరులో సీలు చేసి ఉంచండి. ఫొటోలు, సందేశాలు చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయడం మంచిది, ఆ ఫోనును మార్చవద్దు.

బిల్లు అడుగున ఉన్న వాక్యం మిమ్మల్ని భయపెట్టనక్కర్లేదు. పని పూర్తయ్యాక చేతికిచ్చిన కాగితంలోని షరతుకు మీరు ముందే ఒప్పుకున్నారనడం నిలిచే వాదన కాదు.

కోటింగ్ చట్టవిరుద్ధం కాదు. వాహన నిర్మాణంలో మార్పు జరిగి దాని మౌలిక స్వరూపం మారడాన్నే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మార్పుగా పరిగణిస్తుంది. ఛాసిస్‌కు కోటింగ్ వేయించేవారు మాత్రం స్టీరింగ్ హెడ్ దగ్గర చెక్కిన నంబరు పూడిపోకుండా చూసుకోవాలి, ఎందుకంటే బండి చేతులు మారేటప్పుడు పెన్సిల్ ప్రింట్ తీసేది దాని మీదనుంచే.

ముందు లిఖిత నోటీసుతో పదిహేను రోజుల గడువివ్వండి. అప్పటికీ స్పందించకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వారికి మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోను దాఖలు చేయవచ్చు. వివాదకారణం తలెత్తిన నాటినుంచి రెండేళ్లే గడువు. కోటింగ్ రుసుము, కొత్త టీ-స్టెమ్ ఖర్చు, విప్పి బిగించిన కూలి, మానసిక వేదన, కేసు ఖర్చులు విడివిడిగా కోరండి. ప్రతిదానికీ రసీదు లేదా కారణం చూపండి.

నోటీసు అందాక వారు ఉచితంగా మళ్లీ కోటింగ్ వేసిస్తామంటే కాదనకండి. కానీ పైన చెప్పిన సాక్ష్యం పూర్తయ్యాకే భాగాలు ఇవ్వండి. ఏ బోరులు, ఏ ముఖాలు, ఏ మరలు మాస్క్ చేయాలో ఫొటో మీద గుర్తుపెట్టి, దాని కింద వారి సంతకం తీసుకోండి. తిరిగి బిగించి, బండి నడిపి చూసేవరకు "ఇక ఏ క్లెయిమూ లేదు" అనే కాగితంపై మీరు సంతకం చేయవద్దు.