సోడియం కంటే పొటాషియం నీళ్లతో ఎందుకంత జోరుగా చర్య జరుపుతుంది?

కారణం చాలావరకు ఆ చివరి ఎలక్ట్రానే. లిథియం, సోడియం, పొటాషియం, సీజియం లాంటి క్షార లోహాలన్నిటికీ బయటి కక్ష్యలో ఉండేది ఒక్క ఎలక్ట్రానే. ఆవర్తన పట్టికలో ఈ లోహాలున్న నిలువు వరుసలో (గ్రూపులో) కిందికి దిగేకొద్దీ అది కేంద్రకానికి దూరమవుతుంది, మధ్యలో లోపలి ఎలక్ట్రాన్లు అడ్డు, దాంతో పట్టు సడలిపోతుంది. దాన్ని ఊడదీయడానికి లిథియానికి మోల్‌కు (పరమాణువులను లెక్కించే ఒక స్థిర పరిమాణానికి) 520 కిలోజౌళ్ల శక్తి కావాలి. సోడియానికి 496, పొటాషియానికి 419, సీజియానికైతే 376 చాలు.

నీళ్లలో వేస్తే తేడా కళ్లకు కడుతుంది. లిథియం నింపాదిగా బుడగలు వదులుతుంది. సోడియం కరిగి, గోళీలా ఉండ కట్టి, బుస్సుమంటూ నీటి మీద పరుగులు తీస్తుంది. పొటాషియం దగ్గర పుట్టిన హైడ్రోజన్ వెంటనే అంటుకుని లేత ఊదా మంట లేస్తుంది.

చాలామంది పొరబడేది ఒకటుంది: మోల్ లెక్కన ఎక్కువ వేడి వదిలేది నిజానికి లిథియమే! కానీ అది కరగాలంటే సుమారు 180 డిగ్రీలు కావాలి, సోడియానికి 98, పొటాషియానికి దాదాపు 63 చాలు. కరిగిన లోహానికి కొత్త ఉపరితలం దొరుకుతూనే ఉంటుంది, అందుకే చర్య ఊపందుకుంటుంది. ‘జోరు’ అంటే ఇక్కడ మొత్తం వేడి కాదు, వేగం.