ఇద్దరు సేనానులు, ఒక పెన్సిలు

విజయనగరం

అమ్మా, ఆశీస్సులు.

టెక్కలి నుంచి నువ్వు పంపిన వ్యాసం ఫోన్‌లో చదవడం నావల్ల కాలేదు. మూడు లాంతర్ల దగ్గర ప్రింటు తీయించుకుని పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. అమెరికా అంతర్యుద్ధం గురించి ఇంత కష్టపడి చదివి రాసేవాళ్ళు మన వైపు తక్కువ. అందుకే ‘బాగుంది’ అని ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు.

ధైర్యం, వ్యూహం, నాయకత్వం, దయ అని నాలుగు గళ్ళు గీసి, ఉత్తరాది సేనాని గ్రాంట్‌కీ, దక్షిణాది సేనాని లీకీ పదేసి మార్కుల లెక్కన వేశావు. చివరికి లీకి ఒక మార్కు ఎక్కువొచ్చింది. నాకు గుచ్చుకున్నది అక్కడే. ఇద్దరూ రాసింది ఒకే పరీక్ష కాదు కదా! ఉత్తరాది జనం విసిగిపోయి ‘ఇక చాలు’ అనేదాకా ఓడకుండా నిలబడితే చాలు, లీ గెలిచినట్టే. గ్రాంట్‌కి అలా కుదరదు. పరాయి గడ్డ మీదికి వెళ్ళి, అక్కడి సైన్యాన్ని పట్టుకుని, యుద్ధాన్నే ముగించాలి. ఎవరి ముందు ఏ పని ఉందో చెప్పకుండా ఎవరు గొప్పో ఎలా తేలుస్తాం?

మరి పోల్చడం ఎలా అంటావేమో. వాళ్ళ మాటలు పట్టుకో. కాగితం మీదో, గుర్రమెక్కి పోయే మనిషి నోటో వెళ్ళిన మాటే ఆ రోజుల్లో మైళ్ళ అవతలి దళాన్ని కదిపేది. మాటతో పని చేయించేవాడు సేనాని. ఆ లెక్కన రాసుకునే మనకి దగ్గరివాడే.

1863 జులై 1 సాయంత్రం, గెటిస్‌బర్గ్. ఉత్తరాది సైన్యం చెదిరి ఊరి పక్క గుట్ట మీదికి చేరింది. ‘వీలైతే ఆ గుట్ట పట్టుకో’ అని లీ తన కింది సేనాని యూయెల్‌కి కబురు పెట్టాడు. వీలు కాదనుకుని యూయెల్ ఆగిపోయాడు. రాత్రికి రాత్రి ఆ గుట్ట గట్టిపడింది. మూడో రోజు లీ సైనికులు దాదాపు పన్నెండున్నర వేలమంది ముప్పావు మైలు బయలు నేల మీద ఫిరంగులకి ఎదురు నడిచారు. సగానికి పైగా పడిపోయారు, లేదా పట్టుబడ్డారు. తిరిగొచ్చినవాళ్ళకి ఎదురెళ్ళి తప్పంతా నాదేనన్నాడు లీ. ఆ మాట అన్నందుకు నాకు అతనంటే గౌరవం. కానీ ‘వీలైతే’ అన్న మాట ముందు సంగతి. రెండు నెలల కింద ఛాన్సలర్స్‌విల్‌లో అరవై వేల సైన్యాన్ని ముక్కలు చేసి, రెట్టింపు ఉన్న శత్రువుని ఓడించినప్పుడు అతని పక్కన కుడిభుజం లాంటి సేనాని జాక్సన్ ఉన్నాడు. జాక్సన్‌కి సగం చెబితే మిగతా సగం చేసుకొచ్చేవాడు. జాక్సన్ పోయాడు, లీ మాట తీరు మాత్రం మారలేదు. నీ వ్యాసంలో ఈ ముక్క లేదు, ఉండాలి.

గ్రాంట్ ఉత్తర్వులో ‘వీలైతే’లు తక్కువ. అతను ముట్టడించి పట్టుకున్న విక్స్‌బర్గ్ కథ నువ్వు బాగానే రాశావు, అది కదపొద్దు. మార్చాల్సింది లీ గ్రాంట్‌కి లొంగిపోయిన అపొమాటాక్స్ పేజీ. 1865 ఏప్రిల్ 9. లీది కొత్త యూనిఫాం, గ్రాంట్‌ది బురద కొట్టుకున్న మామూలు సిపాయి కోటు. ఈ బట్టల తేడా అందరూ రాస్తారు, నువ్వూ రాశావు. నేనైతే పెన్సిలు గురించి రాస్తాను. లొంగుబాటు షరతులు రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి మాట ఏం రాయాలో కూడా తెలీదనీ, మనసులో ఉన్నది ఎవరూ పొరబడకుండా చెప్పాలన్నదొక్కటే తెలుసుననీ గ్రాంటే తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. రాసిచ్చాడు. లీ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని మెల్లగా చదివాడు. ఖైదీల మార్పిడి దగ్గర ఒక మాట పడలేదని గమనించాడు. చేర్చడానికి జేబులు తడుముకుంటే పెన్సిలు దొరకలేదు. పక్కనున్న గ్రాంట్ అధికారి పోర్టర్ తనది ఇచ్చాడు. ఓడినవాడు గెలిచినవాడి కాగితానికి ప్రూఫు దిద్దాడమ్మా! తర్వాత లీ, మా గుర్రపు దళంవాళ్ళ గుర్రాలు వాళ్ళ సొంతమన్నాడు. కాగితం మార్చను గానీ, దుక్కి దున్నుకోవడానికి ఎవరివి వాళ్ళని తోలుకెళ్ళనిమ్మని మావాళ్ళకి చెబుతానన్నాడు గ్రాంట్. ఆకలితో ఉన్న ఆ సైన్యానికి తిండి కూడా పంపించాడు. దయ గడిలో నువ్వు వేసిన ఆరు మార్కులు ఆ గదిలో నిలుస్తాయా?

లీకి ఆ ఒక్క మార్కు ఎక్కడ కలిసిందో నేను ఊహించగలను. ఓడినవాడి కథకి కన్నీళ్ళెక్కువ. యుద్ధం అయ్యాక జూబల్ ఎర్లీ లాంటి దక్షిణాదివాళ్ళు ఏళ్ళ తరబడి లీని మచ్చలేని వీరుడిగానూ, గ్రాంట్‌ని మనుషుల్ని నరికించిన కసాయిగానూ చెప్పుకొచ్చారు. కోల్డ్ హార్బర్‌లో గ్రాంట్ చేయించిన ఆఖరి దాడి దారుణమే. దానికి చివరిదాకా బాధపడ్డాడు. కానీ ఉన్న సైన్యంలో ఎన్నో వంతు పోయిందని లెక్క తీస్తే లీ నష్టమే ఎక్కువ.

ఈ పొరపాటు నేనూ చేశాను. మా నాన్నగారిది విజయనగరం, అమ్మ పుట్టిల్లు బొబ్బిలి వైపు. సెలవుల్లో అక్కడ బుర్రకథ విని పాపారాయుడి కోసం ఏడ్చినవాణ్ణి. 1757 జనవరి 24న కోట పడింది, ఆ తర్వాత పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని చంపాడు. నా మొదటి కథ దాని మీదే. విజయరామరాజుని ఉత్త ద్రోహిగా రాసి పారేశాను. మా మేనత్త చదివించుకుని విని, “మరి పైడితల్లమ్మ ఎవరికోసం ఏడ్చిందిరా?” అంది. ఆ తల్లి విజయరామరాజు చెల్లెలని కదా ఇక్కడి నమ్మకం. సిరిమాను కింద ఏటా నిలబడేవాణ్ణి, నాకా ప్రశ్నే తట్టలేదు. కథ చింపలేదు. చెల్లెలి వైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

నీ వ్యాసంలో ఇద్దరు సేనానులూ ఉన్నారు గానీ, యుద్ధం దేనికో పన్నెండు పేజీల్లో ఒక్క వాక్యంలో వచ్చిపోయింది. దాదాపు 40 లక్షలమంది బానిసలున్న దేశం అది. 1861 ఏప్రిల్‌లో ఉత్తరాది సైన్యాన్ని నడపమని అడిగితే లీ కాదని వర్జీనియా వైపు వెళ్ళాడు. లీ ఉత్తరం అందినప్పుడు ఎంతో సంతోషించాననీ, తీరా అతన్ని కలిశాక దిగులేసి, అంత వీరంగా పోరాడిన శత్రువు పడిపోయినందుకు సంతోషించలేకపోయాననీ, అయినా వాళ్ళు పోరాడిన కారణం మాత్రం మనుషులు పోరాడిన అతి చెడ్డ కారణాల్లో ఒకటనీ గ్రాంట్ రాశాడు. గౌరవం, తీర్పు రెండూ ఒక్కచోటే ఉన్నాయి చూడు. నువ్వు అంత చోటు చేయగలిగితే మార్కుల పట్టిక దానంతటదే ఊడిపోతుంది. నన్నడిగితే, ఒక్క యుద్ధరంగం చూపించి అడిగితే లీ అంటాను, మొత్తం యుద్ధం చూపించి అడిగితే గ్రాంట్ అంటాను. నీ తీర్పు వేరైతే వేరుగానే రాయి, దేన్ని బట్టి అన్నావో మాత్రం చెప్పు.

ఇంకొకటి. ఏడో పేజీలో జాక్సన్ శత్రువు తూటాకి చనిపోయాడని రాశావు. చీకట్లో పోల్చుకోలేక కాల్చింది సొంత సైనికులే. ఎడమ చెయ్యి తీసేశారు, ఎనిమిదో రోజున, మే 10న, న్యుమోనియాతో పోయాడు. అది దిద్ది, గళ్ళు తీసేసి పంపు. ఈసారి కాగితం మీదే పంపమ్మా, మార్జిన్ కాస్త ఎక్కువ వదిలి.