అగరబత్తి యూనిట్‌కు యాంటీ డంపింగ్ కేసు పనికొస్తుందా?

మీ ప్రశ్న చదివానండి. కొత్తగా అగరబత్తి యూనిట్ పెట్టారు. ఒకపక్క బయటిదేశం సరుకు, ఇంకోపక్క పేరూ ఊరూ లేని ప్యాకెట్లు మీ ధరను పడగొడుతున్నాయి, యాంటీ డంపింగ్ కేసు (మరీ తక్కువ ధరకు గుమ్మరించే దిగుమతి మీద అదనపు సుంకం వేయించేది) వేయొచ్చా అని అడిగారు. మాది తెనాలి వైపు, అదే పని. మొదట్లో రా బత్తి (ఇంకా సువాసన అద్దని బత్తి) చేసి పెద్ద కంపెనీలకు ఇచ్చేవాళ్ళం, ఇప్పుడు సొంత ప్యాకెట్ కూడా వేస్తున్నాం.

కేసుకు చట్టం ఉంది. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం, సెక్షన్ 9ఏ. ఢిల్లీలో డీజీటీఆర్‌కు, అంటే ఇలాంటి కేసులు విచారించే కేంద్ర వాణిజ్య శాఖ విభాగానికి, దరఖాస్తు పెట్టాలి. చౌకగా అమ్మినంత మాత్రాన డంపింగ్ అనిపించుకోదు. వాళ్ళ దేశంలో అమ్ముకునే ధర కంటే తక్కువకు ఇక్కడికి పంపుతున్నారని, దానివల్లే మనం దెబ్బతిన్నామని లెక్కలతో చూపించాలి. దరఖాస్తును బలపరిచే తయారీదారుల వాటా దేశ ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి. విచారణకు ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర. సిఫార్సు వచ్చాక కూడా సుంకం వేయాలా వద్దా అన్నది ఆర్థిక శాఖ ఇష్టం. నాలుగైదు ఫ్యాక్టరీలున్న రసాయనాల పరిశ్రమకు ఈ దారి కుదురుతుంది. ఇళ్ళల్లో, రేకుల షెడ్లలో వేలమంది చేసే బత్తికి ఆ 25 శాతాన్ని పోగేసేదెవరు?

మమ్మల్ని నిలబెట్టింది వేరే, దిగుమతికి పెట్టిన లైసెన్సు నిబంధన. 2011లో రా బత్తి మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 10కి దించారు. ఖాదీ కమిషన్ లెక్క ప్రకారం 2009లో 31 కోట్ల రూపాయలున్న దిగుమతి 2019 నాటికి 546 కోట్లయింది. ఆ రోజుల్లో ఒక హోల్‌సేల్ వ్యాపారి వియత్నాం బత్తినీ మా బత్తినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. వాళ్ళది గీత గీసినట్టు నున్నగా ఉంది, వేళ్ళ మధ్య తిప్పినా నల్లపొడి అంటలేదు. మాది చేత్తో చుట్టింది, ఒకచోట లావు, ఒకచోట సన్నం. పైగా ధరా వాళ్ళదే తక్కువ. మా దగ్గర బత్తి చుట్టే ఆడవాళ్ళకు ఆ ఏడాది నెలలో సగం రోజులు పని ఇవ్వలేకపోయాం. 2019 ఆగస్టు 31న కేంద్రం అగరబత్తి దిగుమతికి లైసెన్సు ఉండాల్సిందేనని నోటిఫికేషన్ ఇచ్చాకే ఆర్డర్లు తిరిగొచ్చాయి. 2020 జూన్‌లో బత్తికి వాడే వెదురు పుల్లల దిగుమతి సుంకాన్ని 10 నుంచి 25 శాతం చేశారు. పుల్లలు కొనుక్కునే మాకు దాంతో ఖర్చు పెరిగిన మాట నిజమే. అయినా నేను దాన్ని తప్పుపట్టను, త్రిపురలో పుల్లలు చీల్చే కుటుంబాలకు కూడా పని ఉండాలి కదా.

కాబట్టి ఇప్పుడు మీ మార్కెట్లో బయటిదేశం రా బత్తి కనిపిస్తే కేసు గురించి ఆలోచించకండి. ఎవరు తెప్పించారు, లైసెన్సు ఉందా అన్నది చూడండి. అట్టపెట్టె మీది లేబుల్ ఫోటో, దొరికితే బిల్లు కాపీ జతచేసి కస్టమ్స్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇక రిజిస్ట్రేషన్ లేని వాళ్ళ సంగతి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో కూర్చుని బత్తి చుట్టి వీధిలో అమ్ముకునే అమ్మ మీకు శత్రువు కాదు. సరుకు అమ్మేవాళ్ళకు ఆంధ్రలో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఆమె ఏ తప్పూ చేయడం లేదు. ఆమె మీద ఫిర్యాదు పెట్టే సంఘంలో నేనైతే ఉండను. మీరు పట్టుకోవాల్సింది లారీల కొద్దీ బిల్లు లేకుండా దించేవాళ్ళని.

వాళ్ళ దగ్గర తేలిగ్గా దొరికే లోపం ప్యాకెట్టే. లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011 ప్రకారం ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, ఎమ్మార్పీ ఉండాలి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, ఏ దేశానిదో కూడా వేయాలి. మా ఏరియాలో ఒక ప్యాకెట్ మీద 100 గ్రాములని ఉంది. కాటా మీద పెడితే డబ్బాతో కలిపి కూడా 80 దాటలేదు. చిరునామా దగ్గర ఊరి పేరు ఒక్కటే ఉంది. మేం కొందరం తయారీదారులం కలిసి అలాంటి ప్యాకెట్లు షాపుల్లో బిల్లుతో కొని, సీల్ విప్పకుండా తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చాం. ఒంటరిగా వెళ్ళినప్పుడు "చూస్తాం" అన్నవాళ్ళే కలిసి వెళ్ళాక షాపులకు వచ్చారు. ఆ సరుకు మా వైపు షెల్ఫుల మీద బాగా తగ్గింది.

అయితే ఫిర్యాదు పెట్టే ముందు మీ ప్యాకెట్ ఒకసారి సరిచూసుకోండి, ఇన్‌స్పెక్టర్ మొదట తిరగేసేది దాన్నే. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉచితం, ఆధార్, పాన్‌తో అయిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ "బిల్లు లేకుండా ఇస్తే తగ్గుతుంది కదా" అంటే, బిల్లు మీద మనం వేసే 5 శాతం జీఎస్టీ అతను కట్టాల్సిన జీఎస్టీలో క్రెడిట్‌గా తగ్గుతుందని కాగితం మీద లెక్క వేసి చూపించండి. మా డిస్ట్రిబ్యూటర్లలో ఇద్దరు ఆ లెక్క చూశాకే బిల్లు సరుకుకు మారారు.